వార్డు వంటగదిలో వేరు కప్పు

"ఆ కప్పు ముట్టుకోకు ఆంటీ."

"ముట్టుకుంటే ఏమవుతుంది? అరిగిపోతుందా?"

"నా కప్పు నేను కడుక్కుంటాను. నీకెందుకు?"

"ఈ వంటగది తాళం ఎవరి నడుముకుందో చూశావా? ఇక్కడ చెంచా కదిలినా నాకు కావాలి. అందరికీ ఒకే అలమర, ఒకే రకం కప్పులు అని సిస్టర్ పెట్టిన పద్ధతి ఉండగా, మధ్యలో నీ వేరు కుంపటి ఏమిటి? నేను కడిగిన కప్పు నీకు పనికిరాదా?"

"పనికిరాదనే అనుకో."

"అబ్బో! మొన్నటిదాకా నా ఊరగాయ సీసాలో వేలు పెట్టి నాకినదానివి. ఓటు వేసి వచ్చాక మహారాణివైపోయావా?"

తాండేకా సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టి తన నీలం రేకు కప్పు పైకి లాగింది. దాని పిడికి చుట్టూ ప్లాస్టరు ముక్క, ప్లాస్టరు మీద తన పేరు.

"ఓటు సంగతి నువ్వు ఎత్తకు ఆంటీ. మీ ఇంటికి బట్టలుతకడానికి వచ్చే గోగోకి, ఆ ముసలమ్మకి, టీ ఏ కప్పులో పోస్తావు? అలమరలోదా, సింకు కిందదా? మా అమ్మ షాల్‌క్రాస్‌లో మీ ఇండియావాళ్ళ ఇళ్ళల్లో పదకొండేళ్ళు ఉతికింది. మీ సింకుల కింద ఏముంటుందో నాకు చెప్పకు."

మాట పడ్డప్పుడు నా నోట ఫనకలో వస్తుంది. చెరకు తోటల్లో మేస్త్రీలు కూలీలను అదిలించే భాష అది. ఆ భాషలో రెండు మాటలు విసిరాను.

"హాయిబో! ఆ తోట భాష తోటలోనే ఉంచుకో. నాకు ఇంగ్లీషు వచ్చు, నీకంటే బాగా వచ్చు" అని తలుపు విసిరి వెళ్ళిపోయింది. నా వెనక పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. పాలు పొంగబెట్టడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

తాండేకా అప్పుడు మా ఆడవాళ్ళ మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సు. ఇరవై ఏడేళ్ళ పిల్ల, నల్లవాళ్ళ పేట ఉమ్లాజీ నుంచి రైల్లో వచ్చేది. ఇదంతా రాయమని తనే అన్నాక రాస్తున్నాను. పేరు మాత్రం మార్చాను.

నా పని

నేను నర్సును కాను. వార్డు వంటగది, వార్డు నేల, ఈ రెండూ నావి. మా ముత్తాతలు ఓడెక్కి ఈ దేశానికి చెరకు కూలీలుగా వచ్చి దిగిన మౌంట్ ఎడ్జ్‌కోంబ్ మిల్లు బారక్సులో పుట్టాను. ఇంగ్లీషు బడి నాలుగేళ్ళు. అమ్మ మంచం పట్టాక అదీ లేదు. తెలుగు అక్షరాలు మాత్రం నాన్న వసారాలో బూడిద పరిచి దిద్దించాడు. పెళ్ళయ్యాక మొబేనిలో డబ్బాల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు మూతలు బిగించాను. ఆ తర్వాత ఆసుపత్రి. ఇప్పుడు ఈ పనికి కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పేవాళ్ళు లేరని, నాకు తెలిసింది రాస్తున్నాను. నా అక్షరదోషాలు మా డాక్టరు బాబు దిద్దాడు. నా మాటల జోలికి మాత్రం పోనివ్వలేదు.

మీకు చీపురు, బకెట్టు చూపించి ఇదే పని అంటారు. అది సగం పని. పాడవని వస్తువు పారేయకండి. ఎండిన రొట్టె కాల్చి పాలలో వేస్తే పళ్ళు లేని ముసలమ్మ తింటుంది. టీ వడగట్టిన పిప్పి తడిగా నేల మీద చల్లి ఊడిస్తే దుమ్ము లేవదు. ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. మిగతా సగం, మీతో పనిచేసే మనుషుల్ని కనిపెట్టి ఉండడం. అది నాకు రావడానికి పదిహేనేళ్ళు పట్టింది. వచ్చింది కూడా తప్పు చేశాకే.

మంచాలు ఖాళీ అయ్యే తీరు

నేను చేరిన కొత్తలో మా వార్డులో చావు అంటే ఏ ముసలమ్మో, నెలకొకటి. అప్పుడు తెర లాగేవాళ్ళం. కిటికీ తెరిచేవాళ్ళం. వార్డు సిస్టర్ ప్రేమ, ఆవిడ తమిళావిడ, మంచం కాళ్ళ దగ్గర ఒక్క నిమిషం చేతులు కట్టుకుని నిలబడేది. ఆ నిమిషంలో నేను కూడా చీపురు గోడకు ఆనించి నిలబడేదాన్ని.

ఈ దేశంలో నల్లవాళ్ళు మొదటిసారి ఓట్లు వేసిన ఏడాది తర్వాత తీరు మారింది. వయసు పిల్లలు రావడం మొదలైంది. పెళ్ళి కావలసినవాళ్ళు, పాలిచ్చే తల్లులు, ఎముకలు తేలిపోయి, నోట్లో తెల్లని పూత పట్టి వచ్చేవాళ్ళు. మంచాలు చాలక మంచాల కింద చాపలు వేశారు. ఆ జబ్బు పేరు ఎవరూ అనేవారు కాదు. ఇంటివాళ్ళు క్షయ అనేవారు, మేము ఇంగ్లీషు పేరు బదులు "ఆ మూడక్షరాలు" అనేవాళ్ళం. పొద్దున గంజి తాగించిన పిల్ల మధ్యాహ్నం అన్నం వేళకు ఉండేది కాదు. పరుపు వేడి చల్లారకముందే ఇంకో పిల్లను పడుకోబెట్టేవారు. సిస్టర్ ప్రేమ ఆ ఒక్క నిమిషం మానేసింది. ఎక్కడని నిలబడుతుంది?

అప్పుడు పనిచేసేవాళ్ళకు ఏమవుతోందో ఎవరూ చూడలేదు. ఒక నర్సు శవానికి స్నానం చేయిస్తూ నవ్వేది. పిచ్చి నవ్వు కాదు, మామూలుగా, ఎవరో జోకు చెప్పినట్టు. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు బాబు, చనిపోయిన పిల్ల మంచం దగ్గరికి పోయి ఆమె ఫైలు ఏదని రోజూ అడిగేవాడు. నేను నేల రుద్దేదాన్ని. ఒక పలక మీద రంగు పోయేదాకా రుద్ది, ఇక్కడ మరక పోవడం లేదని సిస్టర్‌తో దెబ్బలాడాను. అక్కడ మరక లేదు.

మనసుకు జబ్బు చేయడమనేది తీరికున్నవాళ్ళకే అని అప్పట్లో నా నమ్మకం. సిస్టర్ ప్రేమ నమ్మకమూ అదే. "పనే మందు" అనేది. మంచి మనిషే. ఆ మాట మాత్రం తప్పు. కాలు విరిగినవాడికి నడకే మందని ఎవరైనా చెబుతారా?

ఆ రోజుల్లో తాండేకా అప్పుడప్పుడూ నా వంటగదికి వచ్చి, టీనీళ్ళ బాయిలరు మీద రెండు అరచేతులూ ఆనించి ఊరికే నిలబడేది. మా వార్డులో తలుపు వేసుకుంటే అవతల రోగి లేని గది నా వంటగది ఒక్కటే. ఆ సంగతి నాకు తోచలేదు. ఒకరోజు దాని కళ్ళలో నీళ్ళు చూసి, "ఏడుపొస్తే ఇంటికెళ్ళి ఏడువు. ఇక్కడ ఏడిస్తే టీలో ఉప్పు పడుతుంది" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. భలే అన్నాననుకున్నాను. ఆ తర్వాత అది బాయిలరు దగ్గర నిలబడడం మానేసింది. కొన్నాళ్ళకు నీలం కప్పు తెచ్చి, తలుపు వెనక మేకుకు వేరేగా తగిలించుకుంది.

ఫిర్యాదు

ఎందుకంత కోపమొచ్చిందో చెప్పాలి. పాత రోజుల్లో సిస్టర్లకు సాసరున్న పింగాణీ కప్పులు, మిగతా నర్సులకు గాజువి, నాలాంటివాళ్ళకు రేకువి. ఓట్ల తర్వాత సిస్టర్ ప్రేమ అవన్నీ పెట్టెలో కట్టించి, ఒకే రకం తెల్ల కప్పులు తెప్పించి ఒకే అలమరలో పెట్టించింది. డాక్టరైనా, నేల తుడిచేదైనా చేతికందిన కప్పులో తాగడమే. ఆ అలమర చూస్తే నాకు గర్వంగా ఉండేది. అలాంటి చోట ఒక నల్లపిల్ల వేరు కప్పు పెట్టుకుంటే, మా చేతి ఎంగిలికి రోసి పెట్టుకుందనుకున్నాను. పైగా అది నా ఇంటి సింకు కింద సంగతి బయటపెట్టింది. నిజం కాబట్టి మరీ మండింది. మా ఇంట్లో బట్టలుతికే మాద్లామినికి విడి కప్పు ఉండేది. మా అత్తగారి నాటి నుంచీ అలవాటు.

ఆ పూటే సిస్టర్ ప్రేమ దగ్గరికి వెళ్ళి, "తాండేకా నన్ను అందరిలో అవమానించింది, అలమరను అవమానించింది" అని చెప్పాను. సిస్టర్ దాన్ని పిలిచి, అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పమంది. అది వాదిస్తుందనుకున్నాను. నోరెత్తలేదు. "తప్పయింది ఆంటీ" అని నేల చూస్తూ చెప్పి వెళ్ళిపోయింది. ఇందాక నా మొహాన తలుపు విసిరిన పిల్లేనా ఇది అనిపించింది. గెలిచానన్న సంతోషం సాయంత్రం బస్సెక్కేదాకా కూడా లేదు.

పిల్లలూ, ఒకటి గుర్తుపెట్టుకోండి. మీతో రోజూ పోట్లాడే మనిషి హఠాత్తుగా పోట్లాట మానేస్తే, గెలిచామనుకోకండి. దగ్గరికెళ్ళి చూడండి.

తొట్టి కడిగిన పిల్ల

నేను చూశాను. దగ్గరికెళ్ళి కాదు, దూరం నుంచి, దొంగను చూసినట్టు చూశాను.

మా ఇళ్ళలో ఎంగిలి పట్టింపు ఎక్కువ. చిన్నప్పుడు చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగేవాళ్ళం. కాబట్టి ఎంగిలి సంగతి నాకెవరూ నేర్పక్కర్లేదు. ఎదుటివాళ్ళ ఎంగిలికి రోసే మనిషి తాగబోయేముందు కప్పు కడుగుతుంది. తాండేకా ముందు కడగలేదు. తాగాక కడిగింది. కడిగి మేకుకు తగిలించి, బాయిలరులో సలసల కాగే నీళ్ళు పట్టి సింకు తొట్టంతా పోసింది. తొట్టి అంచు, కుళాయి పిడి కూడా వదల్లేదు. తర్వాత తన చేతులు పచ్చి బ్లీచుతో కడుక్కుంది. వేళ్ళ సందుల్లో తోలు ఊడి ఎర్రగా ఉంది.

జ్వరం వచ్చిన తల్లి అలా కడుగుతుంది, తన బిడ్డకు అంటుకోకూడదని. అది మా ఎంగిలికి భయపడడం లేదు. తన ఎంగిలి మాకు తగులుతుందని భయపడుతోంది.

నా వంటగది తలుపు లోపలి నుంచి గడియ వేశాను. రొట్టెల పెట్టె బోర్లించి కూర్చోమన్నాను.

"సూది ఎప్పుడు గుచ్చుకుంది?" అన్నాను.

అది నా మొహం చూసింది. "ఎవరు చెప్పారు?"

"తొట్టి చెప్పింది. ఎప్పుడు?"

ఏడు వారాలైందట. తొమ్మిదో మంచం పిల్లకు రక్తం తీసి, ఇంకొకరు పడిపోతున్నారని పరిగెత్తి, సూదిని దుప్పటి మీదే వదిలేసింది. తిరిగొచ్చి దుప్పటి లాగితే అరచేతిలో దిగింది. తప్పు తనదే కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చెబితే రాసుకుంటారు, రక్తం తీస్తారు, వార్డంతా తెలుస్తుంది. పై అంతస్తు నర్సు ఒకామె సంగతి అలా తెలిసినప్పటి నుంచి ఆమె పక్కన ఎవరూ కూర్చోరు.

"మీ ఆయనకు?"

"అదనపు డ్యూటీలని చెప్పి, రెండు స్టేషన్ల అవతల నర్సుల హాస్టల్లో పడుకుంటున్నాను. పిల్లాణ్ణి మా అమ్మ దగ్గర పెట్టాను. వాడికి రెండేళ్ళు ఆంటీ. ముద్దు పెట్టబోతాడు. వాణ్ణి తోసేశాను. వాడికి అర్థం కాక నవ్వాడు."

అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"నిద్ర?"

"లేదు. సాయంత్రం స్టేషన్లో, రైలు వచ్చేటప్పుడు, గోడకు ఆనుకుని నిలబడతాను. నా మీద నాకు నమ్మకం లేక."

శుక్రవారం రాజీనామా ఇచ్చేసి, పరీక్షా గిరీక్షా లేకుండా కొండల్లో వాళ్ళ తాతగారి ఊరు పోతానంది. ఉత్తరం సంచిలో ఉంది. చూపించింది.

"ఎవరికీ చెప్పకు. ఒట్టు వెయ్యి" అంది.

వేశాను. ఆ సాయంత్రం స్టేషన్ దాకా నేనూ వెళ్ళాను. రైలుకూ దానికీ మధ్య నేను నిలబడ్డాను. దాని సంచి తాడు నా మణికట్టుకు చుట్టుకున్నాను. రైలెక్కించి, బస్సు తప్పిపోతే తర్వాతి బస్సు దాకా నిలబడ్డాను.

ఒట్టు

మర్నాడు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఇలాంటి ఒట్టు నిలబెట్టుకోవడం నమ్మకస్తులు చేసే పని కాదు, పిరికివాళ్ళు చేసే పని. ఎవరైనా చచ్చిపోవాలనుందని మీకు చెప్పి నోరు కట్టేయాలని చూస్తే, కట్టించుకోకండి. చేయగలిగినవాళ్ళకు చెప్పండి.

డాక్టరు బాబుకు చెప్పాను. వార్డు నడిమధ్యన, మందుల బండి దగ్గర, అందరూ ఉండగానే. మా ఇద్దరి తెలుగు అక్కడ ఇంకెవరికీ రాదు. ఊరగాయ గురించి మాట్లాడుతున్నామనుకునేవారు.

"డాక్టరు బాబూ, నీకో సంగతి సెప్పాల. నవ్వుతా ఇను. అందరూ సూస్తన్నారు."

"చెప్పండి పిన్నిగారూ. ఆవకాయ అయిపోయిందా?" అన్నాడు. గుంటూరు వైపు పిల్లవాడు. నా తెలుగు వాళ్ళ ముత్తాత తెలుగులా ఉందని ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

చెప్పాను. సూది, ఏడు వారాలు, స్టేషను గోడ.

"పిన్నిగారూ, నాకు నవ్వు రావడం లేదు" అన్నాడు.

"రాకపోతే పళ్ళన్నా కనపడనీ."

వంటగదిలోకి వచ్చాడు. తలుపు వేసి బాయిలరుకు ఆనుకున్నాడు. తర్వాత, "నాకూ గుచ్చుకుంది పిన్నిగారూ, పోయినేడు. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఇంటికి ఫోన్ చేసి, అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాను. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, ఆ రోజు వాన గురించి ఎందుకు అడిగారని."

"ఏటయింది మరి?"

"ఏం కాలేదు. కానీ ఆ మూడు నెలలూ నేను మనిషిని కాను."

అప్పుడర్థమైంది, ఖాళీ మంచాల దగ్గర ఫైళ్ళు ఎందుకు అడిగేవాడో.

గుచ్చుకున్న రోజే చెప్పి ఉంటే మాత్రలు ప్రయత్నించి ఉండేవాణ్ణని అన్నాడు. ఇప్పుడు చేయగలిగింది, మూడు నెలలు నిండాక రక్తపరీక్ష. పేరు రాయకుండా నంబరు రాసి పంపుతానన్నాడు.

"మా వార్డు నుంచి ఒక్క సీసా పోతే, ఎవలదో అని అందరూ ఆరా తీస్తారు బాబూ. ఏడు పంపు. గుంపులో గోవిందా."

"ఏడెక్కడివి?"

"ఒకటి నాది. మిగతావి నే సూస్తా."

భయం ఎవరిది

సిస్టర్ ప్రేమ గదికి వెళ్ళాను. తాండేకా పేరు ఎత్తలేదు. "సిస్టర్, ఇన్నేళ్ళుగా ఒట్టి చేతులతో రక్తం తుడిచాను. చేతులకు గాట్లున్నాయి. నాకు భయంగా ఉంది. పరీక్ష చేయించుకుంటాను. ఒంటరిగా వెళ్ళలేను" అన్నాను. సిస్టర్‌ను కదిలించడానికని అన్నాను. అంటుంటే తెలిసింది, అది అబద్ధం కాదని.

"ఇన్నేళ్ళలో నీ నోట ఆ మాట వినలేదు అచ్చమ్మా" అంది.

తిడుతుందనుకున్నాను. లేచి తలుపు మూసింది. కుర్చీలో కూర్చుని రొమ్ము మీద గుచ్చుకున్న గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. "మన దగ్గర పోయిన పిల్లల్లో ఇద్దరు నా చేతిలో చదువుకున్న నర్సులు. నేను గుర్తుపట్టలేదు. పేరు చూశాక తెలిసింది. ఆ నాటి నుంచి నాకు నిద్ర లేదు. ఎవరితో చెప్పను? నేను సిస్టర్‌ని కదా."

ఆవిడ ఏడుస్తుంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. టీ తెచ్చాను.

"మొదటి సీసా నాదే" అంది సిస్టర్. పై అధికారుల మీద నాకు పెద్ద నమ్మకం ఏనాడూ లేదు. ఆవిడ మీద మాత్రం ఆ రోజు నుంచి ఉంది.

గురువారాలు

ఇంకా అయిదు వారాలు ఆగాలి. పేర్లు లేని ఏడు సీసాలు పోతాయని విన్నాక తాండేకా శుక్రవారం ఉత్తరం ఇవ్వకుండా సంచిలోనే ఉంచుకుంది. సిస్టర్ ప్రేమ గురువారం మధ్యాహ్నం పావుగంట "వంటగది శుభ్రత" అని డ్యూటీ కాగితంలో రాసింది. సిస్టర్, డాక్టరు బాబు, తాండేకా, శవం దగ్గర నవ్వే నర్సు, ఇంకో ఇద్దరు నర్సులు, నేను, ఏడుగురం లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవాళ్ళం. శుభ్రత ఏమీ లేదు. కూర్చోవడమే.

మొదటి గురువారం నేను లేచి నిలబడ్డాను. తాండేకా చేత అందరి ముందూ చెప్పించాను కాబట్టి, అందరి ముందూ చెప్పాలి. "కప్పు విషయంలో తప్పు నాది. టీలో ఉప్పు అన్నది కూడా తప్పే" అన్నాను.

"వినపడలేదు ఆంటీ. కొంచెం గట్టిగా" అంది తాండేకా.

గట్టిగా చెప్పాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత పావుగంటంతా కూర్చుని టీ తాగాం. కాల్చిన రొట్టె నమిలిన చప్పుడే. రెండో గురువారం, నవ్వే నర్సు అంది: "నేను నవ్వాలని నవ్వడం లేదు. ఆపుకోలేకపోతున్నాను." సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. మూడోసారి ఎవరో, పోయిన చలికాలంలో మామిడిపండు కావాలని అడిగి పోయిన పిల్ల పేరు చెప్పారు. ఆ పేరు మా ఏడుగురికీ గుర్తుంది. ఒక్కొక్కరం తనకు గుర్తున్న పిల్లల పేర్లు చెప్పాం. పావుగంట చాలలేదు.

ఇంట్లో మాద్లామిని సంగతి. ఆ రోజే మారిపోయానని రాస్తే అబద్ధం. మూడు వారాలు ఆ కప్పు చూస్తూ, చూడనట్టు తిరిగాను. తర్వాత దాన్ని తీసి అలమరలో మిగతావాటి పక్కన పెట్టి, ఆమెకు పూల కప్పులో టీ పోశాను. మాద్లామిని సింకు కింద వంగి వెతికి, "నా కప్పేది? ఈ పూలదాని పిడిలో నా వేలు పట్టదు" అని విసుక్కుంది. పాత కప్పే ఇచ్చాను. అయితే ఆ రోజు నుంచి ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగాం. ఆమెకు అది పెద్ద విశేషంగా తోచినట్టు లేదు. "ఇన్నాళ్ళకు కాళ్ళు నొప్పులని తెలిసిందా?" అంది.

సాయంత్రాలు స్టేషన్‌కు వెళ్ళడం మానలేదు. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద తాండేకా అడిగింది.

"డాక్టరుకు నువ్వే చెప్పావు కదా ఆంటీ?"

"చెప్పాను."

"ఒట్టు వేశావు."

"తీసి గట్టున పెట్టాను."

"ఎక్కడుంది ఆ గట్టు?"

"మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో, మిల్లు వెనక. పోయి వెతుక్కో."

నోరు మూసుకుని నవ్వింది. రైలు వచ్చింది. గోడకు ఆనుకోకుండా వెళ్ళి ఎక్కింది.

కాగితాలు

మూడు నెలలు నిండాక డాక్టరు బాబు వంటగదిలోనే మా ఆరుగురికీ రక్తం తీశాడు. చివరికి సిస్టర్ ప్రేమ, "నీదెవరు తీస్తారు?" అని ఆయన చొక్కా చెయ్యి మడిచి తనే తీసింది. ఆయనతో కలిపే ఏడు. ఎవరి నంబరు వాళ్ళకే తెలుసు. ఎవరూ ఎవరినీ అడగకూడదని అనుకున్నాం.

ఫలితాలు రెండు వారాలకు వచ్చాయి. అన్నాల బండి తిప్పాక, మడిచిన కాగితాలు ఏడు బల్ల మీద పరిచాడు. ఎవరి నంబరు వాళ్ళు తీసుకున్నాం. తాండేకా తనది విప్పి చూసి, చదవడం రానిదానిలా నా చేతిలో పెట్టింది.

నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. "నెగటివ్" అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయో! అంత పొడుగు మాట నేను నా జన్మలో చదవలేదు. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను.

"లేదే. నీకేం లేదు" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. రొట్టెల పెట్టె మీద కూర్చుని, ఒళ్ళంతా కదిలేలా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ఏడుపయ్యాక సంచిలోంచి రాజీనామా ఉత్తరం తీసి, దాని వెనక తెల్లగా ఉన్న వైపు సాయంత్రం ఇవ్వాల్సిన మందుల పేర్లు రాసుకుంది. కాగితం వృథా చేయకపోవడం నా దగ్గరే నేర్చుకుంది.

నా కాగితం కూడా మంచిదే. మిగిలిన అయిదుగురిలో ముగ్గురు పైకి చెప్పారు. ఇద్దరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళారు. అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. గురువారం కూర్చోవడం మాత్రం నేను రిటైరయ్యేదాకా ఆగలేదు. అది ఎవరికోసం నడిచిందో తెలియనక్కర్లేదు.

ఆ సాయంత్రం తాండేకా హాస్టలుకు వెళ్ళలేదు. స్టేషన్‌కు నా కోసం కూడా ఆగలేదు. పరిగెత్తింది. ముందు వాళ్ళమ్మ ఇంటికి, అక్కడి నుంచి పిల్లాణ్ణి ఎత్తుకుని తన ఇంటికి.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు ఆరుగురం వార్డులో ఉన్నాం. తాండేకా లేదు. రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది, టోపీ వంకరగా పెట్టుకుని, మెడ మీద పిల్లవాడి గోళ్ళ గీతలతో. వాడు మెడ వదల్లేదట. నిద్రపుచ్చి విడిపించుకుని వచ్చేసరికి రైలు పోయిందట. సిస్టర్ ప్రేమ ఆలస్యం అని రాసి, పుస్తకం ముందుకు జరిపింది. తాండేకా సంతకం చేసి, చేతులు కడుక్కుని, తొమ్మిదో మంచానికి గంజి పట్టుకెళ్ళింది.